అంగీ మీది స్టిక్కరు, రాశి మీది ముద్ర

చింటూ, అమ్ములూ,

మొన్న మ్యాచ్ అయిపోయాక మీరు పంపిన రెండు ఫోటోలు పదిసార్లన్నా చూశాను. ఒకటి చింటూ జెర్సీ, ఇంకొకటి కింది పోర్షన్‌లో ఉండే వాడి దోస్తుది. రెండిటి మీదా ఆటగాడి పేరుతో నల్లటి సంతకం, అంచున వెండిలా మెరిసే స్టిక్కరు, దాని మీద నంబరు. రెండు అంగీల మీదా నంబరు ఒక్కటే అని అమ్ములు కనిపెట్టింది చూశారా, అది చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "స్టిక్కర్ ఉంది కదా తాతా, మరి ఒరిజినల్ కాదా?" అని చింటూ అడిగాడు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇక్కడ ఊళ్లో యాసంగి కోతలు అయిపోవచ్చాయి. పరకాల రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోశారు. వాటిని చూస్తుంటే నాకు మా కల్లం గుర్తొచ్చింది, మీ స్టిక్కరు కూడా అక్కడే అర్థమైంది.

మా చిన్నప్పుడు మిషన్లు లేవు. ఎడ్లతో తొక్కించి, తూర్పార పట్టి, పొద్దుగూకే యాళకు వడ్లన్నీ ఒక్క రాశిగా పోసేవాళ్లు. కొలవడం తెల్లారి. ఆ రాత్రంతా రాశికి తలుపు లేదు, తాళం లేదు. అందుకని మా బాపు జానెడు చెక్క ముద్రను పొయ్యి బూడిదలో అద్ది రాశి చుట్టూ నాలుగైదు చోట్ల ఒత్తేవాడు. ఆ చెక్క మీద మా ఇంటిపేరు మొదటి అక్షరం చెక్కి ఉండేది. ఎవరన్నా దోసెడు వడ్లు తీసినా చాలు, పై వడ్లు జారి బూడిద అక్షరం చెదిరిపోతుంది. ముద్ర దొంగను ఆపదు బిడ్డా, దొంగ వచ్చిపోయాడని చెబుతుంది.

అసలైన స్టిక్కరూ అంతే. గోటితో గీకి తీద్దామంటే ఒక్క ముక్కగా రాదు. చినిగిపోతుంది, లేదంటే పైపొర ఊడొచ్చి కింద ఏవో గుర్తులు మిగులుతాయి. ఒక అంగీ మీదిది తీసి ఇంకో అంగీకి అంటించకుండా అట్లా చేస్తారు.

కానీ ముద్ర కంటే ముఖ్యం, అది వేసేటప్పుడు మా బాపు అక్కడ నిలబడి ఉండటం. ఆ వడ్లు మా పొలంవేనని ఆయనకు తెలుసు, కళ్లారా చూశాడు, అందుకే ముద్ర వేశాడు. అమెరికాలో బేస్‌బాల్‌కు సరిగ్గా ఇదే చేశారు. అక్కడ 1990లలో దొంగ సంతకాల వ్యాపారం బాగా పెరిగింది. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్లు ఆపరేషన్ బుల్‌పెన్ అని పేరు పెట్టి ముఠాలను పట్టుకుంటే, మదర్ థెరిసా సంతకం ఉన్న బంతులు కూడా దొరికాయి. ఆ తల్లి బేస్‌బాల్ బంతుల మీద సంతకాలు పెట్టిందని నమ్మి కొన్నవాళ్లను తలుచుకుంటే నాకు బాధేస్తుంది. శాండియాగో ఆటగాడు టోనీ గ్విన్ అయితే తను పెట్టని సంతకాలు తన పేరుతోనే, తన జట్టు దుకాణంలోనే అమ్మకానికి ఉండటం చూశాడు.

అందుకని అక్కడి పెద్ద జట్ల పోటీలు నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు 2001లో కొత్త పద్ధతి తెచ్చారు. ప్రతి మ్యాచ్‌కూ ఒక మనిషి కూర్చుని చూస్తాడు, పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్లో చేసి దిగినవాళ్లో ఈ పనికి వస్తారు. బంతి ఆటలోంచి బయటికి రాగానే ఆయన చేతికిస్తారు. స్టిక్కరు అంటించి, ఆ నంబరు కింద అది ఏ మ్యాచ్‌లో, ఎవరు వేసిన బంతో రాసిపెడతారు, ఎవరన్నా ఇంటర్నెట్‌లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. మా కల్లంలో బాపు ఉన్నట్టు అక్కడ ఆయన. ఆయన చూడనిదానికి ముద్ర లేదు. జనంలోకి పోయిన బంతి ఆయన చూపు దాటింది కాబట్టి మామూలుగా దానికి స్టిక్కరు వేయరు. పెద్ద రికార్డు వచ్చే రోజుల్లో మాత్రం ముందే బంతుల మీద రహస్య గుర్తులు పెట్టుకుంటారు.

ఇప్పుడు మీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతా. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఐసు బండి గంట వినపడితే పైసలు లేక రాశిలోంచి రెండు దోసెళ్ల వడ్లు తీసి ఐసు కొనుక్కున్నా. వచ్చి చూస్తే అక్షరం చెదిరి ఉంది. టెన్షన్‌తో వేలిని బూడిదలో ముంచి ఆ అక్షరాన్ని నేనే మళ్లీ దిద్దాను, చాలా అందంగా వచ్చింది కూడా. రాత్రి బాపు లాంతరు పట్టుకుని వచ్చి, ముందు మా జీతగాడిని అడిగాడు. ఆయన ఏమీ అనలేదు, తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత బాపు చెక్క ముద్రను తెచ్చి నేను గీసినదాని పక్కన పెట్టాడు. ఆ చెక్క మీది అక్షరానికి కుడివైపు అంచు బొటనవేలంత విరిగి ఉంది. నేను గీసింది నిండుగా ఉంది. బాపు నన్ను కొట్టలేదు, జీతగాడి దగ్గరికి పోయి చెప్పి రమ్మన్నాడు. దొంగ ముద్ర వేస్తే మోసపోయేది కొన్నవాడొక్కడే కాదు, ఏ పాపం తెలియనివాడి మీద కూడా అనుమానం పడుతుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

సరే, స్టిక్కరు మెరుపు సంగతి. వెంట్రుక కంటే ఎంతో సన్నని గీతలు రేకు మీద ఒత్తుతారు, వంచిన కొద్దీ వెలుతురు ఒక్కో రంగై వస్తుంది. ఇట్లాంటిదాన్ని హోలోగ్రామ్ అంటారు. డెన్నిస్ గాబర్ అనే శాస్త్రవేత్త 1947లో హోలోగ్రామ్ ఆలోచన చేశాడు, దానికే 1971లో నోబెల్ ఇచ్చారు. అంతకు మించి నేను చెప్పేకంటే మీరు ఎండలో పెట్టి చూస్తేనే బాగుంటుంది. జిరాక్స్ మిషన్ ఒక్క వైపు నుంచే చూస్తుంది కనుక ఆ రంగులు దానికి దొరకవు. అయితే మెరిసే రేకు ఎవరన్నా కొనొచ్చు. మెరుపును నమ్మకండి, నంబరును అడగండి. ఇంకో మాట, కంపెనీ వేసే స్టిక్కరు ఆ అంగీ వాళ్ల అనుమతితో కుట్టిందని మాత్రమే చెబుతుంది. ఆటగాడు దాన్ని తొడుక్కున్నాడని గానీ, సంతకం పెట్టాడని గానీ చెప్పదు.

చింటూ, నీది ఆటగాడు ముట్టుకున్న అంగీ కాదు నాన్నా. ఒకే నంబరు రెండిటి మీద ఉందంటే అది నంబరు కాదు, బొమ్మ. బాధపడకు, వేసుకుని ఆడుకో, రంగు బాగుంది.

ఆదివారం ఇద్దరూ మేడ మీదికి పోండి. రెండు అంగీలు ఒకదాని మీద ఒకటి వేసి సంతకాలు కలిపి ఎండకు పట్టి చూడండి. మనిషి చేత్తో రెండుసార్లు పెట్టిన సంతకం గీతకు గీత కలవదు, ఇవి కలుస్తాయో లేదో నాకు రాయండి. నాన్నను అడిగి కొత్త ఐదు వందల నోటు తీసుకుని అటూ ఇటూ వంచండి, దారం పచ్చగా ఉండి నీలం అవుతుంది. అమ్మ కొత్త కమ్మల మీద భూతద్దం పెట్టి చూడండి. 2021 జులై నుంచి హాల్‌మార్క్ నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరింటి నంబరు వేస్తున్నారు, ఏ నగ నంబరు దానిదే. హాల్‌మార్క్ సంగతి చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరం వస్తుంది.

సెలవులకు రాగానే అటక మీది సందుగ దింపుదాం. బాపు ముద్ర అందులోనే ఉంది, బూడిద వాసన ఇంకా పోలేదు. ఆ విరిగిన అంచు మీద మీరిద్దరూ వేలు పెట్టి చూడాలి.

మీ తాత