బాలింత మరణాల లెక్క: అపోహలు - వాస్తవాలు

ప్రసూతి వైద్యురాలిగా మాతృ మరణాల సమీక్షలకు వెళ్లినప్పుడల్లా కొన్ని మాటలు పదేపదే వింటుంటాను. బంధువులే కాదు, మా వైద్యులూ అంటుంటారు. ఆ మాటల చాటున చనిపోయిన తల్లులు లెక్కకు రాకుండా పోతున్నారు.

అపోహ: కాన్పు సమయంలో చనిపోతేనే మాతృ మరణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇంతకంటే చాలా విస్తృతం. గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిశాక 42 రోజుల్లోపు గానీ, గర్భం వల్లనో, గర్భంతో ముదిరిన జబ్బు వల్లనో, అందుకు చేసిన వైద్యం వల్లనో స్త్రీ చనిపోతే అది మాతృ మరణమే. గర్భస్రావం తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో పోయినా, అండనాళంలో పెరిగిన గర్భం పగిలి చనిపోయినా ఇందులోకే వస్తాయి. ఎన్నో నెల, ఎక్కడ పోయింది అన్నవి అడ్డు కావు. ఇంట్లోనైనా, ఆటోలోనైనా, పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న 108లోనైనా సరే. రోడ్డు ప్రమాదం, పాముకాటు వంటివి మాత్రం రావు.

మన దగ్గర తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. అత్తవారి ఊళ్లో పేరు నమోదవుతుంది, పుట్టింటి దగ్గర కాన్పవుతుంది, పరిస్థితి విషమిస్తే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆమె చనిపోతే ‘మా పరిధి కాదు’ అని మూడు చోట్ల సిబ్బందీ చేతులు దులుపుకొనే వీలుంది. నేను ఎక్కువగా భయపడేది ఈ సందు గురించే.

అపోహ: గుండె ఆగి చనిపోయింది, కాన్పుకు సంబంధం లేదు.

ఎవరు చనిపోయినా చివరికి ఆగేది గుండే. అది మరణ కారణం కాదు. మరణ కారణ ధ్రువపత్రంలో వరుసలు ఉన్నది ఇందుకే: పైన తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసింది, అట్టడుగున మూల కారణం. నిండు నెలల్లో గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది. మాయ పడ్డాక గర్భాశయం ముడుచుకుని గట్టిపడకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు పత్రంలో వరుసగా రక్తం పోయి షాక్, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం, గర్భాశయం ముడుచుకోకపోవడం అని ఉండాలి. ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ (గుండె, ఊపిరి ఆగిపోవడం) అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, ఆ ఆసుపత్రిలో రక్తం నిల్వ ఉందా లేదా అని అడిగేవారే ఉండరు.

ఆ కారణాల కిందే స్త్రీల కోసం రెండు ప్రశ్నలు ఉంటాయి: మరణానికి గర్భంతో సంబంధం ఉందా? ఉంటే కాన్పు జరిగిందా? వాటిని ఖాళీగా వదిలేసిన పత్రం చూస్తే నాకు కోపం వస్తుంది. టిక్కు పెట్టడానికి క్షణం పట్టదు.

నిజంగానే గుండె జబ్బు ఉన్నా లెక్కలోంచి తీసేయకూడదు. కవాటం దెబ్బతిన్న స్త్రీకి కాన్పవగానే గుండెకు ఒక్కసారిగా ఎక్కువ రక్తం చేరి ఊపిరితిత్తుల్లో నీరు నిండవచ్చు. అది పరోక్ష మాతృ మరణం, అంటే గర్భంతో ముదిరిన జబ్బు వల్ల జరిగినది. తీవ్ర రక్తహీనత ప్రాణం తీసినా అంతే.

అపోహ: బాలింత ఆత్మహత్య ఇంటి గొడవల విషయం.

గర్భిణులు, బాలింతల ఆత్మహత్యలను ప్రత్యక్ష మాతృ మరణాలుగా నమోదు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 మార్గదర్శకాలు సూచించాయి. కాన్పు తర్వాతి కుంగుబాటు ముందే నిర్ధారణ కాకపోయినా సరే.

అపోహ: 42 రోజులు దాటితే ఇక రాయనక్కర్లేదు.

ఆ తర్వాత, గర్భం ముగిసిన ఏడాదిలోపు జరిగితే అది ఆలస్య మాతృ మరణం. మాతృ మరణాల నిష్పత్తిలో (లక్ష సజీవ జననాలకు ఎన్ని మాతృ మరణాలన్న లెక్కలో) కలపరు గానీ, విడిగా రాయాలి. కాన్పు తర్వాత గుండె కండరం బలహీనపడినవారు ఐసీయూలో ఎక్కువ కాలం ఉండి చనిపోతే ఇక్కడే కనిపిస్తారు.

అపోహ: మన రాష్ట్రాల్లో సంఖ్య తగ్గింది కదా, ఇంత పట్టింపు ఎందుకు?

2018-20 నమూనా నమోదు సర్వే ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మాతృ మరణాలు. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. కేరళ వైద్యులు 2004 నుంచే ప్రతి మరణాన్నీ పేర్లు బయటపెట్టకుండా, ఎవరినీ నిందించకుండా సమీక్షిస్తున్నారు. సంఖ్య చిన్నదయ్యేకొద్దీ ఒక్క మరణం దాటిపోయినా పాఠం పోతుంది.

అందుకే 15 నుంచి 49 ఏళ్ల స్త్రీ ఎవరు చనిపోయినా ఆశా కార్యకర్త కబురు చెప్పాలి, తర్వాత సిబ్బంది ఇంటికి వచ్చి వివరాలు అడగాలి. కేసు పెట్టడానికి వచ్చారేమోనని తలుపు వేసుకోకండి. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బండి ఎన్నింటికి వచ్చింది, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది చెప్పండి. తల్లీబిడ్డల కార్డు, రిఫరల్ చీటీ ఇంట్లో ఉంటే తీసి చూపించండి.