చాండ్లర్ వెళ్లాక డల్లాస్‌కు మిగిలిందేమిటి: ఎన్‌బీఏ జీతాల లెక్కలో పాత చిక్కు

వయసు మీదపడుతున్న ఆటగాడి కాంట్రాక్ట్ ముగిసినప్పుడల్లా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అభిమానుల్లో ఒకే మాట వినిపిస్తుంది: "అతన్ని వదిలేస్తే కోటిన్నర డాలర్లు మిగులుతాయి, ఆ డబ్బుతో కుర్రాణ్ని తెచ్చుకోవచ్చు." ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది సబబుగానే తోస్తుంది. అక్కడ ఆటగాణ్ని వదిలేస్తే అతని డబ్బు వేలం పర్సులోకి తిరిగొస్తుంది. ఎన్‌బీఏలో చాలాసార్లు రాదు. ఎందుకు రాదో అర్థం కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి, ఆపై డల్లాస్ జట్టు టైసన్ చాండ్లర్‌ను వదులుకున్న కథ చూడాలి.

1984-85 సీజన్‌లో లీగ్ జీతాలకు పరిమితి పెట్టింది. అప్పటి శాలరీ క్యాప్ జట్టుకు 36 లక్షల డాలర్లు. అయితే సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికి మాత్రం ఆ పరిమితి దాటవచ్చన్నారు. అప్పటి బోస్టన్ స్టార్ లారీ బర్డ్ పేరు మీద దీన్ని బర్డ్ మినహాయింపు అంటారు. ఇందులోనే చిక్కంతా ఉంది. క్యాప్ దాటే వీలు ఆ ఒక్క ఆటగాణ్ని ఉంచుకోవడానికే. అతను వెళ్లిపోతే ఆ వీలూ పోతుంది. ఉదాహరణకు 2011-12లో క్యాప్ 5.80 కోట్ల డాలర్లు. 8.5 కోట్ల జీతాల జట్టులోంచి 1.3 కోట్ల ఆటగాడు వెళ్లిపోయినా ఇంకా 7.2 కోట్లు ఉంటాయి, అంటే క్యాప్ పైనే. బయటివాణ్ని కొనడానికి అతని జీతంలో ఒక్క డాలరూ పనికిరాదు. మిడ్ లెవెల్ మినహాయింపు (క్యాప్ దాటిన జట్టూ బయటివాడికి ఇవ్వగల నిర్ణీత మొత్తం), కనీస వేతనం, ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి), ప్రధానంగా ఈ మూడే దారులు. లగ్జరీ ట్యాక్స్ (జీతాలు క్యాప్‌కు పైనున్న ఇంకో గీత దాటితే లీగ్‌కు కట్టే పన్ను) కట్టే జట్టుకు ఆ ఏడాది మిడ్ లెవెల్ 30 లక్షలు, కట్టని జట్టుకు 50 లక్షలు.

జట్టు నిర్వాహకులను భయపెట్టేది ఆ లగ్జరీ ట్యాక్సే. 2002-03లో మొదటిసారి వసూలు చేసినప్పుడు గీత దాటిన డాలరుకు డాలరు కట్టేవారు. 2011 లాకౌట్ (యజమానులు ఆట ఆపేసిన వివాదం) తర్వాత ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం దాన్ని మెట్లుగా మార్చింది. 2013-14 నుంచి మొదటి 50 లక్షలకు డాలరుకు డాలరున్నర, తర్వాతి 50 లక్షలకు 1.75, ఆపైన 2.50, 3.25. పాత లెక్కలో గీతను రెండు కోట్లు దాటితే పన్ను రెండు కోట్లు. కొత్త లెక్కలో నాలుగున్నర కోట్లు. తరచూ కట్టే జట్లకు ప్రతి మెట్టులో ఇంకో డాలరు అదనం.

సరిగ్గా ఆ ఒప్పందం కుదిరిన వేళ డల్లాస్ మావెరిక్స్ చాంపియన్లుగా ఉన్నారు. 2011 జూన్ 12న మయామీని ఆరో గేమ్‌లో ఓడించి తొలి టైటిల్ గెలిచారు. ఆ జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) టైసన్ చాండ్లర్ అంతకు ముందటి వేసవిలో చార్లట్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు. సగటున పది పాయింట్లు, తొమ్మిదికి పైగా రీబౌండ్లు. కానీ అతని విలువ ఈ అంకెల్లో కనిపించేది కాదు. బుట్ట రిమ్ దగ్గర అతను కాపలా ఉన్నాడు కాబట్టి జట్టు స్టార్ డర్క్ నొవిట్‌స్కీ ప్రత్యర్థి సెంటర్లతో కుస్తీ పట్టాల్సిన పని తప్పింది. పిక్ అండ్ రోల్‌లో (బంతి ఉన్నవాడికి అడ్డుగా నిలబడి దారిచ్చి వెంటనే కదిలే ఎత్తుగడ) అతను బుట్ట వైపు దూసుకెళ్తే డిఫెన్స్ లోపలికి కుంచించుకుపోయి బయట షూటర్లకు చోటు దొరికేది. ఇంత పని ఒక్కడే చేస్తున్నప్పుడు అతని స్థానంలో ఒక్కణ్ని తెస్తే సరిపోదు.

యజమాని మార్క్ క్యూబన్ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. రానున్న పన్ను మెట్ల కింద నలిగే కంటే జీతాల పద్దు ఖాళీ చేసుకుని 2012 వేసవిలో పెద్ద ఫ్రీ ఏజెంట్‌ను (కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాణ్ని) పట్టాలన్నది ఆయన ఉద్దేశం. చాండ్లర్ నాలుగేళ్లకు సుమారు 5.8 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్ వెళ్లాడు. సైన్ అండ్ ట్రేడ్ (పాత జట్టే సంతకం చేయించి కొత్త జట్టుకు పంపడం) కాబట్టి డల్లాస్ చేతికి ట్రేడ్ మినహాయింపు, అంటే క్యాప్ పైన ఉన్నా ట్రేడ్‌లో ఒకణ్ని తెచ్చుకునే వీలు, వచ్చింది. దానితో లేకర్స్ నుంచి లమార్ ఓడమ్‌ను తెచ్చుకున్నారు. కాగితం మీద చక్కటి బేరం: అంతకు ముందు ఏడాదే అతను లీగ్‌లో ఉత్తమ సిక్స్త్ మ్యాన్ (బెంచ్ నుంచి దిగే ఆటగాడు). కానీ ఓడమ్ ఫార్వర్డ్, రిమ్ కాపలాదారు కాదు. 50 మ్యాచ్‌ల్లో సగటు 6.6 పాయింట్లు. ఏప్రిల్‌లో సీజన్ పూర్తికాకుండానే జట్టుకు దూరమయ్యాడు. తొలి రౌండ్‌లో ఓక్లహోమా సిటీ డల్లాస్‌ను 4-0తో ఊడ్చేసింది. అదే సీజన్‌లో చాండ్లర్ ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడి అవార్డు అందుకున్నాడు.

ఇక ఆ పెద్ద ఫ్రీ ఏజెంట్. 2012లో డల్లాస్ పక్క ఊళ్లో పెరిగిన డెరాన్ విలియమ్స్ బ్రూక్లిన్‌లోనే ఉండిపోయాడు. 2013లో డ్వైట్ హోవర్డ్ హ్యూస్టన్‌ను ఎంచుకున్నాడు. స్థలం ఖాళీ చేయడానికి సెంటర్ బ్రెండన్ హేవుడ్‌ను కూడా ఆమ్నెస్టీ (జీతం ఇచ్చినా క్యాప్ లెక్కలోకి రాకుండా ఆటగాణ్ని వదిలే వీలు) కింద వదిలేశారు. ఆ ఖాళీలో క్రిస్ కేమన్‌కు ఏడాదికి 80 లక్షలు ఇచ్చి నెట్టుకొచ్చారు. ఫలితం 41 గెలుపులు, 41 ఓటములు. 2000 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ తప్పిపోయాయి. క్యాప్ స్థలం ఉంటే ఆటగాణ్ని పిలిచే హక్కు వస్తుంది. అతను రావాలన్న పూచీ ఎవరూ ఇవ్వరు. నాలుగేళ్ల భారాన్ని చూసి డల్లాస్ భయపడటంలో తప్పులేదు, 2013-14లో చాండ్లర్ గాయంతో చాలా మ్యాచ్‌లు కోల్పోయాడు కూడా. తప్పల్లా ప్రత్యామ్నాయం చేతిలో లేకుండానే బర్డ్ హక్కును వదులుకోవడం.

2014లో చాండ్లర్‌ను ట్రేడ్‌లో వెనక్కి తెచ్చుకున్నారు. ఏడాది తిరగకుండా అదే దారి మళ్లీ పట్టారు. 2015 జులైలో డిఆండ్రె జోర్డాన్ వస్తానని మాటివ్వడంతో చాండ్లర్‌ను ఫీనిక్స్‌కు పోనిచ్చారు. సంతకాలు మొదలయ్యే గడియకు ముందు జోర్డాన్ మనసు మార్చుకుని క్లిపర్స్‌లోనే ఉండిపోయాడు. డల్లాస్ హడావిడిగా జాజా పచూలియాతో సరిపెట్టుకుంది. 2011 టైటిల్ తర్వాత నొవిట్‌స్కీ 2019లో రిటైరయ్యేదాకా ఆ జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. అంతటి ఆటగాడి చివరి ఎనిమిదేళ్లు అలా గడిచిపోవడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

2023 ఒప్పందం ఈ చిక్కును ఇంకా బిగించింది. డబ్బుతో పాటు చేతులు కట్టేసే నిబంధనలూ వచ్చాయి. 2025-26లో క్యాప్ 15.46 కోట్లు, ట్యాక్స్ గీత 18.79 కోట్లు, దానికీ పైనుండే కఠిన నిబంధనల గీత సెకండ్ ఏప్రన్ 20.78 కోట్లు. ఈ చివరి గీత దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒకణ్ని ట్రేడ్‌లో తెచ్చుకోలేదు, నగదు పంపలేదు, మిడ్ లెవెల్ వాడుకోలేదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ను (కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కును) ట్రేడ్ చేయలేదు. పన్ను మెట్లు కూడా మారాయి. తరచూ కట్టే జట్టుకు సుమారు 57 లక్షల చొప్పున ఉండే తొలి నాలుగు మెట్లలో డాలరుకు 3, 3.25, 5.50, 6.75. అలాంటి జట్టు సెకండ్ ఏప్రన్ గీత మీద సరిగ్గా నిలబడినా పన్ను 8.6 కోట్ల దాకా తేలుతుంది.

2024 చాంపియన్ బోస్టన్ సెల్టిక్స్ అప్పటికి ఈ గీతకు చాలా పైనే ఉండేది. 2025 మేలో జట్టు స్టార్ జేసన్ టేటమ్‌కు మడమ వెనక అకిలీస్ స్నాయువు తెగింది. జూన్‌లో జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కు, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపేందుకు ఒప్పుకున్నారు. మూడేళ్లలో పది కోట్లకు పైగా బాకీ ఉన్న హాలిడేకు బదులుగా ఏడాదిలో ముగిసే 2.77 కోట్ల ఒప్పందంతో ఆన్‌ఫర్నీ సైమన్స్ వచ్చాడు. డల్లాస్ చేసిన దానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. బోస్టన్ ఆ స్థానాన్ని ఖాళీగా వదల్లేదు. క్యాప్ దాటిన జట్ల ట్రేడ్‌లో ఇచ్చిపుచ్చుకునే జీతాలు దాదాపు సరిపోలాలి కాబట్టి ముగియబోయే పెద్ద జీతం రేపటి ట్రేడ్‌లో సరిపోలే సరుకుగా పనికొస్తుంది. గీత కిందికి దిగితే జీతాలు కలిపే వీలూ తిరిగొస్తుంది.

కానీ సెంటర్ల దగ్గర లెక్క అంత బాగా కుదరలేదు. పోర్జింగిస్‌తో పాటు అల్ హార్‌ఫర్డ్ గోల్డెన్ స్టేట్‌కు, లూక్ కార్నెట్ శాన్ ఆంటోనియోకు వెళ్లారు. ఆ ముగ్గురి నిమిషాల్లో పెద్ద వాటా చిన్న జీతం మీదున్న నీమియాస్ కేటా భుజాన పడింది.