సస్టైనబుల్ ఫ్యాషన్ మీద పోస్టర్ చేస్తున్నరా? వరంగల్ డిజైనర్‌గా నేను రోజూ వినే అపోహలు - అసలు వాస్తవాలు

ఆగస్టు 7 చేనేత దినోత్సవం దగ్గరికొస్తుందంటే చాలు, హనుమకొండ కాలేజీల నుంచి, చిన్న చిన్న సంస్థల నుంచి ఒకటే తీరు ఫోన్లు మొదలైతయి, "అన్నా సస్టైనబుల్ ఫ్యాషన్ మీద అవేర్‌నెస్ పోస్టర్ కావాలె, ఎల్లుండికి" అని. సస్టైనబుల్ ఫ్యాషన్ అంటే పర్యావరణానికి నష్టం తక్కువయ్యేటట్టు బట్టలు చేసుడు, కొనుడు, వాడుడు. అడిగేటోళ్లు మనసు పెట్టే అడుగుతరు, అందుల డౌట్ లేదు. కాని 1934ల ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన ఊరు మనది, కొత్తవాడ జంపఖానాలకు 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిన ఊరు, ఇంత బట్ట చరిత్ర ఉన్న ఊర్ల బట్టల మీద పోస్టర్ అంటే ఎక్కడిదో టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసి పేరు మార్చుడు నాకు నచ్చదు. అందుకే ఇది రాస్తున్న.

అపోహ: పచ్చ రంగు, రెండు ఆకులు, మధ్యల భూగోళం పెడితే పోస్టర్ అయిపోతది

అట్ల చేస్తే అది మొక్కలు నాటే ప్రోగ్రామ్‌దా, ప్లాస్టిక్ వద్దనేదా, బట్టలదా అని చూసేటోళ్లకు తెల్వదు. హరితహారం పోస్టర్లు ఏండ్లకేండ్లు చూసిన కండ్లు మనయి, ఆకు కనబడంగనే చూపు పక్కకు జరిగిపోతది. విషయం బట్ట అయితే పోస్టర్ల బట్ట కనబడాలె.

నేనైతే దగ్గరి నుంచి తీసిన ఫొటోనే వాడుత. ఊడిన గుండీ, దాని పక్కకే సూదిల ఎక్కించిన దారం. అరిగిపోయిన కాలర్ మడత. లేకపోతే కొత్తవాడ జంపఖానా అంచు, అడ్డం పోగులు ఒకదాన్నొకటి ఒత్తుకొని ఎంత గట్టిగ కూసున్నయో కనబడేటట్టు, పొద్దున కిటికీ పక్కన పెట్టి పక్క వెలుతురుల తీస్తే ఒక్కొక్క పోగు లెక్కపెట్టొచ్చు, దానికి మామూలు ఫోన్ చాలు. రంగులు గూడ ఆ చారల నుంచే తీసుకోండి, ఎరుపు, నీలం, గోధుమ. ఇంకోటి, స్క్రీన్ మీద మెరిసే ఆ పచ్చ ఆర్‌జీబీ (స్క్రీన్ వెలుతురు రంగుల పద్ధతి) పచ్చ, ప్రింటుకు సీఎంవైకేలకు (ప్రింటింగ్ సిరాల పద్ధతికి) మార్చంగనే మసకబడ్తది. అప్పుడు ప్రింటింగ్ ప్రెస్‌వాళ్ల మీద అరిచి లాభం లేదు.

అపోహ: ఎంత పెద్ద అంకె వేస్తే అంత ప్రభావం

దీని మీద జర ఎక్కువ రాయాలె, ఎందుకంటే నష్టం ఎక్కువ ఇక్కడే జరుగుతది.

"ప్రపంచంల రెండో అతిపెద్ద కాలుష్య పరిశ్రమ ఫ్యాషనే" అని ప్రతి రెండో పోస్టర్ల ఉంటది. దీని మూలం ఎక్కడుందని వెతికినోళ్లకు గట్టి స్టడీ ఏదీ దొరకలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం గ్రీన్‌హౌస్ వాయువులల్ల ఫ్యాషన్ వాటా 2 నుంచి 8 శాతం మధ్య అని చెప్తది, 2కు 8కి మధ్యన అంత తేడా ఉందంటేనే ఈ లెక్క తేల్చుడు ఎంత కష్టమో అర్థం చేసుకోండి. అది చిన్న వాటా కాదు, కాని "రెండో స్థానం" అని రాస్తే రేపు ఒక స్టూడెంట్ గూగుల్ చేసి ఇది తప్పు అంటడు, అప్పుడు పోస్టర్ల ఉన్న మిగతా నిజాలు గూడ పోతయి.

ఇగ రెండోది, "ఒక కాటన్ టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు." ఈ అంకె ఎక్కువ వాడేది, అంచనాగ తప్పేం కాదు. కాని ఇసొంటి వాటర్ ఫుట్‌ప్రింట్ (ఒక వస్తువు తయారైతందుకు పట్టే మొత్తం నీళ్లు) లెక్కలల్ల కాలువ నీళ్లు, బోరు నీళ్లే కాదు, చేన్ల పడ్డ వాన నీళ్లు గూడ కలుస్తయి, అదీ ప్రపంచ సగటు. మన దగ్గర పత్తి ఎక్కువగ వానాధారమే. ఏ వివరం లేకుండ ఈ అంకెను ఎనుమాముల పత్తి మార్కెట్ దారిల గోడకు అంటిస్తే పత్తి బస్తాలు ఏసుకొని పోయే రైతు దాన్ని ఎట్ల చదువుకుంటడు? తన పంటే నేరమన్నట్టు. మరి పత్తి వద్దని పాలిస్టర్‌కు పోతే అది పెట్రోలియం నుంచి వచ్చేది, ఉతికినప్పుడల్ల సన్న ప్లాస్టిక్ పోగులు రాల్చేది. పోస్టర్ చేసేటోళ్లు ఆ మాట మనసుల పెట్టుకోవాలె, బాధ్యత మనదే.

నేను పోస్టర్‌కు ఒక్క అంకెకే ఒప్పుకుంట, అది గూడ చదివినోళ్లు ఏదన్న చెయ్యగలిగేదై ఉండాలె. ఉదాహరణకు బ్రిటన్‌ల ర్యాప్ అనే సంస్థ లెక్క ఉంది, ఒక బట్టను ఇంకో 9 నెలలు ఎక్కువ వేసుకుంటే దాని కార్బన్, నీళ్లు, చెత్త భారం 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతదని. లెక్క అక్కడిదే అయినా ఇది చదివినోళ్ల చేతుల ఒక పని పెడ్తది. అంకె కింద అది ఎవరి లెక్కనో చిన్నగ రాయాలె, అది మర్యాద.

అపోహ: సస్టైనబుల్ అంటే ఖరీదైన చేనేత చీర కట్టుకున్న మోడల్ ఫొటో

చేనేత కొనాలె, తప్పకుండ కొనాలె, నేతన్నకు పని దొరకాలె అని నాకు గట్టిగ ఉంటది. కాని అందరికీ అదే పోస్టర్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. పాత చీరలు కలిపి బొంత కుట్టే అవ్వలు, స్టీలు సామాన్ల అమ్మకు పాత బట్టలిచ్చి గిన్నె తీసుకునే ఇండ్లు, అన్న ప్యాంటు తమ్మునికి కురచ చేసే టైలర్, వీళ్లు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నరు. వాళ్లకు పోయి "తక్కువ కొనండి" అని నేర్పుడు తప్పు. ఆ పోస్టర్ కాకతీయ యూనివర్సిటీ, ఎన్ఐటీ హాస్టళ్ల నోటీసు బోర్డుల మీద ఉండాలె, సేల్ పడంగనే మూడు టాప్‌లు ఆర్డర్ పెట్టే పిల్లల ముందర, "కొత్తది తర్వాత, ముందు ఆల్టరేషన్" అని. కొత్తవాడ జంపఖానాల పోస్టర్ వేరే, అది కొత్త ఇల్లు కట్టుకున్నోళ్లకు, కొనగలిగేటోళ్లకు. ఎవరికి అని తేలకముందు నేను ఫొటోషాప్ తెరవను, అడిగినోళ్లు విసుక్కున్నా సరే.

అపోహ: ఫ్లెక్స్ కొట్టిస్తే చౌక, పని అయిపోతది

ఫ్లెక్స్ అంటే పాలిస్టర్ జాలీ మీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. రెండు కలిసిపోయి ఉంటయి కాబట్టి విడదీసి రీసైకిల్ చేసుడు కష్టం, కాలబెడ్తే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి ఘాటు గ్యాసులొస్తయి. బట్టల చెత్త తగ్గించమని చెప్పే మాట దాని మీద రాస్తే చదివినోళ్లు మనల్ని ఎందుకు నమ్మాలె? లోపల గోడలకు ఏ3 కాగితం చాలు. బయట వేలాడాలంటే కాటన్ బట్ట మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించుండ్రి, కాకపోతే డిజైన్ మొదట్నుంచే ఒకటి రెండు రంగులల్ల ఆలోచించాలె, ఎందుకంటే ప్రతి రంగుకు ఒక స్క్రీన్ (రంగు దిగే జాలీ అచ్చు) తయారు చెయ్యాలె. ఒక్క కాపీకి అది దండగ, ఎక్కువ కాపీలు తీస్తేనే ఖర్చు దిగుతది. తేదీ లేకుండ డిజైన్ చేస్తే ఆ బ్యానర్ వచ్చే ఏడాది గూడ పనికొస్తది.

అపోహ: ఇంగ్లీష్‌ల చేసి తర్వాత తెలుగు టెక్స్ట్ పేస్ట్ చేస్తే సరిపోతది

సరిపోదు. "వస్త్ర" రాసి చూడుండ్రి, స కింద త, దాంతోని ర, అంత కిందికి దిగుతది, దాని కింది లైన్ల గుడి ఉన్న అక్షరం వస్తే రెండూ గుద్దుకుంటయి. ఇంగ్లీష్‌కు పెట్టిన 120 శాతం ఆటో లీడింగ్, అంటే లైన్ల మధ్య దూరం, తెలుగుకు చాలదు, నేను 140 నుంచి 150 పెడ్త. వత్తులు విడిపోతున్నయంటే చాలాసార్లు ఫాంట్ తప్పు కాదు, పాత వెర్షన్ ఫొటోషాప్ టైప్ సెట్టింగుల వరల్డ్ రెడీ లేఅవుట్ (తెలుగు లాంటి లిపులను సరిగ్గ కూర్చే ఆప్షన్) ఆన్ చెయ్యలేదన్నట్టు. హెడ్డింగుకు రామభద్ర, కింద చిన్న టెక్స్టుకు మండలి, రెండూ గూగుల్ ఫాంట్స్‌ల ఫ్రీ. 10 అడుగుల నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు దాదాపు అంగుళం ఉండాలె, అది వత్తు వదిలేసి కొలువుండ్రి.

అపోహ: "100% ఎకో ఫ్రెండ్లీ" అని రాసి, హ్యాండ్లూమ్ మార్క్ లోగో పెడితే నమ్మకం పెరుగుతది

హ్యాండ్లూమ్ మార్క్ అంటే ఇది అసలు చేనేతే అని చెప్పే గుర్తు, ఆ లోగో అలంకారం కాదు, రిజిస్టర్ చేసుకున్నోళ్లకే దాన్ని వాడే హక్కు. షాపు పోస్టర్ అయితే ఇంకా జాగ్రత్త, 2024ల వినియోగదారుల రక్షణ అథారిటీ గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మంచిదని ఉత్తుత్తిగ చెప్పుకునుడు) మీద గైడ్‌లైన్స్ తెచ్చింది, పర్యావరణానికి మంచిదని రాస్తే రుజువు చూపియ్యాలె.

అపోహ: మూలకు ఒక క్యూఆర్ కోడ్ పెడితే మిగతాది వాళ్లే చూసుకుంటరు

స్కాన్ చేస్తే సంస్థ హోమ్ పేజీ తెరుచుకుంటే ఎవ్వరూ ముందుకు పోరు. ఆ ఏరియాల రఫ్ఫు చేసేటోళ్లు (చినిగిన బట్టను దారంతోని కలిపేటోళ్లు), ఆల్టరేషన్ టైలర్లు ఎక్కడున్నరో వాళ్లను అడిగి, ఒప్పుకున్నోళ్ల లిస్టు ఆ లింకుల పెట్టుండ్రి. అర మీటరు దూరం నుంచి స్కాన్ కావాలంటే కోడ్ 5 సెంటీమీటర్లు ఉండాలె, చుట్టూ తెల్ల ఖాళీ వదలాలె, బట్ట మీద ప్రింట్ చేస్తే ఇంకా పెద్దగ, ఎందుకంటే బట్ట ముడుతలు పడ్తది. మొత్తం ప్రింటుకు ఇచ్చే ముందు ఒక్క కాపీ తీసి, స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌తోని, సాయంత్రం వెలుతురుల ఒకసారి స్కాన్ చేసి చూడుండ్రి.