యాంటీవైరస్ హ్యాంగ్ అవుతోందా? అపోహలు – వాస్తవాలు

స్కాన్ 43 శాతం దగ్గర నిలబడిపోతుంది. మౌస్ కదులుతుంది గానీ క్లిక్ పడదు. విండో తెల్లబడి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. పవర్ బటన్ నొక్కిపట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అది దేనికోసం ఆగి ఉంది? హ్యాంగ్ అయిన యాంటీవైరస్ చాలాసార్లు డిస్క్ కోసమో, ఒక మొండి ఫైల్ కోసమో, విండోస్ లోపల నడిచే ఇంకో డ్రైవర్ ప్రోగ్రామ్ కోసమో కాచుక్కూర్చుని ఉంటుంది. ఆ సంగతి చూడకుండా తీసేసి మళ్లీ వేసుకుంటే వారం తిరక్కుండా కథ మొదటికొస్తుంది.

కింద చెప్పినవన్నీ విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్లకు.

అపోహ: ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తే ప్రోగ్రామ్ పని అయిపోయినట్టే.

ఒక విండో దాదాపు 5 సెకన్లు పలకకపోతే విండోస్ దానికి ఆ ముద్ర వేసేస్తుంది. అంతకుమించి అర్థం లేదు. పైగా యాంటీవైరస్‌లో మనకు కనిపించే విండో వేరు, వెనకాల స్కాన్ చేసే సర్వీసు వేరు. విండో బిగుసుకుపోయినా సర్వీసు తన పని చేసుకుపోతుండవచ్చు.

చూడటం తేలికే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో నుంచి రిసోర్స్ మానిటర్‌లోకి వెళ్లి డిస్క్ ట్యాబ్ నొక్కండి. పైన ఉన్న జాబితాలో యాంటీవైరస్ ప్రాసెస్ పక్కన టిక్ పెట్టండి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అయితే దాని పేరు అక్కడ ‘ఎంఎస్‌ఎంపీఈఎన్‌జీ’ అని ఉంటుంది. ‘డిస్క్ యాక్టివిటీ’ అనే భాగంలో అది ఆ క్షణాన ఏ ఫైల్ చదువుతోందో పూర్తి పాత్‌తో (అది ఉన్న చోటుతో) సహా కనిపిస్తుంది. పేర్లు మారుతుంటే దాని జోలికి వెళ్లకండి. పది పదిహేను నిమిషాలుగా ఒకే పేరు ఉంటే మీ దొంగ దొరికినట్టే, పాత్ రాసుకోండి.

అక్కడ తరచూ కనిపించేవి ఇవే: జిప్‌లో జిప్ ఉన్న ఫైళ్లు, ఐఎస్ఓలు (డిస్క్ నకలు ఫైళ్లు), ఏళ్ల తరబడి పెరిగిన అవుట్‌లుక్ మెయిళ్ల పీఎస్‌టీ ఫైల్, వర్చువల్ మెషీన్ డిస్కులు, పాత బ్యాకప్ ఇమేజ్‌లు. బయటికి ఒక్క ఫైలే అయినా లోపల వేలకొద్దీ ఉంటాయి, అన్నింటినీ విప్పి చూడాలి. 99 శాతం దగ్గర గంటసేపు నిలబడటానికి కారణం చాలావరకు ఇదే. శాతం అనేది అంచనా మాత్రమే. ఆ ఫైల్ ఎక్కడిదో మీకు కచ్చితంగా తెలిస్తే ఆ ఒక్కదాన్నే ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయనక్కర్లేని వాటి జాబితాలో) పెట్టండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో, టెంప్‌నో, సి డ్రైవ్ మొత్తాన్నో మినహాయిస్తే ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే.

అపోహ: రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ.

హ్యాంగ్‌లలో ఇది పెద్ద పద్దు. రియల్‌టైమ్ రక్షణ ఉన్న ప్రతి యాంటీవైరస్ ఫైల్ సిస్టమ్ మీద ఒక ఫిల్టర్ డ్రైవర్‌ను కూర్చోబెడుతుంది. మీరు ఏ ఫైల్ తెరిచినా ముందు దాని దగ్గర ఆగి వెళ్లాలి. ఇద్దరు కాపలాదారులుంటే ప్రతి ఫైల్ రెండుచోట్ల ఆగుతుంది. ఒకటి స్కాన్ కోసం తెరిచిన ఫైల్‌ను రెండోది అడ్డుకోవచ్చు. ఒకరు క్వారంటైన్‌లో, అంటే విడిగా బంధించి, ఉంచినది మరొకరికి వైరస్‌లా కనపడొచ్చు. ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతే మీకు కనిపించేది గడ్డకట్టిన స్క్రీన్.

డిఫెండర్ గురించి కంగారక్కర్లేదు. వేరే యాంటీవైరస్ విండోస్ సెక్యూరిటీలో నమోదవగానే అది పక్కకు తప్పుకుంటుంది. ఇబ్బంది బయటివి రెండు చేరినప్పుడు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చి గడువు తీరిన ట్రయల్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు.

అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎఫ్ఎల్‌టీఎంసీ’ అనే అయిదు ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఫిల్టర్ల జాబితా వస్తుంది, ప్రతిదానికీ ‘ఆల్టిట్యూడ్’ అనే అంకె ఉంటుంది. యాంటీవైరస్‌లకు కేటాయించిన అంకెలు 320000తో మొదలై 330000 లోపు ఉంటాయి. డిఫెండర్‌ది 328010. ఒకే కంపెనీవి రెండు మూడు ఫిల్టర్లు ఉంటే సమస్య కాదు. ఎప్పుడో తీసేశామనుకున్న కంపెనీ పేరు అక్కడ కనిపిస్తే మాత్రం అది పూర్తిగా పోలేదన్నమాట.

రెండో అభిప్రాయం కావాలంటే రియల్‌టైమ్ లేని స్కానర్ వాడండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అలాంటిదే. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, అవసరమైనప్పుడల్లా కొత్తది దించుకోవాలి.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫోల్డర్ డిలీట్ చేస్తే యాంటీవైరస్ పోతుంది.

ఫోల్డర్ పోవచ్చు. సిస్టమ్32 లోపలి డ్రైవర్లు, రిజిస్ట్రీలోని సర్వీసు ఎంట్రీలు అక్కడే ఉంటాయి. సగం తెగిన డ్రైవర్‌తో ఒక్కోసారి విండోస్ బూట్ కూడా అవదు. సెట్టింగ్స్‌లోని అన్‌ఇన్‌స్టాల్ సరిగ్గా పూర్తికాకపోతే తయారీదారు ఇచ్చే రిమూవల్ టూల్ వాడాలి. నార్టన్, మెకాఫీ, అవాస్ట్, ఈసెట్, కాస్పర్‌స్కీ అన్నింటికీ ఉన్నాయి. వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి.

కొన్ని టూల్స్ సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్‌ను అత్యవసరమైన డ్రైవర్లతోనే తెరిచి, నడపాలి. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేయండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. జాబితా రాగానే 4 నొక్కండి. దీనికి ముందే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్) ఆన్‌లో ఉందేమో చూసి దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. 48 అంకెల ఆ కీ అడిగాక వెతుక్కోవడం మొదలుపెడితే ఆ పూట గడిచిపోతుంది.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టే.

ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ సమయంలో విండోస్ తన మూల భాగమైన కెర్నల్‌ను డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే అదే తిరిగి తెస్తుంది. చిక్కుపడిన డ్రైవర్ కూడా దాంతోపాటే లేచి వస్తుంది. రీస్టార్ట్ అన్నింటినీ కొత్తగా మొదలుపెడుతుంది. యాంటీవైరస్ వేసినా, తీసినా, బాగుచేసినా రీస్టార్టే కొట్టండి.

అపోహ: ర్యామ్ పెంచితే సరిపోతుంది.

స్కాన్ మొదలవకముందే టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటి ఉంటే ఆ మాట నిజమే. చాలా ఇళ్లలో అసలు జబ్బు డిస్క్‌ది. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ మీద నొక్కి మూడు అంకెలు కలిపి చూడండి: యాక్టివ్ టైమ్ 100 శాతం, చదివే వేగం సెకనుకు ఒకటి రెండు ఎంబీ, సగటు రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లు. మూడూ కలిసొస్తే యాంటీవైరస్‌ను వదిలేసి డిస్క్‌ను పట్టించుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిస్తే ‘డిస్క్’ పేరుతో 7, 51, 153 నంబర్ ఈవెంట్లు ఉంటాయేమో వెతకండి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, డిస్క్‌లో చెడిపోయిన చోటు.

అది కనిపించాక ఫుల్ స్కాన్ పెట్టడం పొరపాటు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌లోని ఒక్కో ఫైల్‌నూ చదివించినట్టవుతుంది. ముందు ఫోటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి తీయండి. డిస్క్ లోపాలు సరిచేసే చెక్‌డిస్క్ సంగతి తర్వాత.

అపోహ: హ్యాంగ్ అవుతోందంటే వైరస్సే ఆపుతోంది.

ఎక్కువసార్లు కాదు. అయితే యాంటీవైరస్ తెరిచిన వెంటనే తనంతట తానే మూసుకుపోతున్నా, మిగతా సైట్లన్నీ వస్తూ యాంటీవైరస్ కంపెనీల సైట్లే తెరుచుకోకపోతున్నా అనుమానించాలి. అప్పుడు విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే స్కాన్ జరుగుతుంది, సుమారు 15 నిమిషాలు. తెరిచిన పనులన్నీ ముందే సేవ్ చేసుకోండి.

ఎండ్ టాస్క్ నొక్కితే ‘యాక్సెస్ డినైడ్’ అని రావడం మాత్రం వైరస్ లక్షణం కాదు. ఎవరు పడితే వాళ్లు ఆపగలిగితే ఇక యాంటీవైరస్ దేనికి?

అపోహ: అప్‌డేట్ వల్ల చెడు జరగదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. సెక్యూరిటీ డ్రైవర్ కెర్నల్‌లో నడుస్తుంది, అక్కడ తప్పు దొర్లితే సిస్టమ్ మొత్తం పడిపోతుంది. స్టార్ట్‌లో ‘రిలయబిలిటీ’ అని వెతికి ఆ చరిత్ర తెరవండి. హ్యాంగ్‌లు మొదలైన తేదీ, ఏదైనా అప్‌డేట్ పడిన తేదీ ఒకటేనేమో పోల్చండి. ఒకటే అయితే ఆ కంపెనీ సవరణ ఇచ్చిందేమో ముందు చూడండి.

అప్‌డేటే దిగకుండా ఆగిపోతుంటే గడియారం చూడండి. తేదీ తప్పుంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదు. ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్2032 బిళ్ల.

అపోహ: ఆకుపచ్చ టిక్ వచ్చిందంటే అంతా బాగైనట్టే.

టిక్ వేసేది విండో, పట్టుకోవాల్సింది సర్వీసు. తేల్చుకోవడానికి ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంది: 68 అక్షరాలు, ఏ హానీ చేయదు, యాంటీవైరస్‌లు కావాలనే దాన్ని వైరస్‌గా గుర్తిస్తాయి. ఐకార్ సైట్ నుంచి దాన్ని దించండి. దిగుతుండగానే అడ్డుకుంటే పని చేస్తున్నట్టు. చడీచప్పుడు లేకుండా డౌన్‌లోడ్స్‌లో వచ్చి కూర్చుంటే రియల్‌టైమ్ రక్షణ ఆన్‌లో ఉందో లేదో, ఆ ఫోల్డర్ ఎక్స్‌క్లూజన్‌లో ఇరుక్కుందేమో చూడండి.