గుండ్రటి నీలి కణాల వెనుక అతుకుపడ్డ జన్యువులు

బయాప్సీ ముక్కకు రంగు అద్ది మైక్రోస్కోపు కింద పెడితే, కొన్ని కణితుల్లో ఒకటే దృశ్యం: చిన్నగా, గుండ్రంగా, నీలంగా కిక్కిరిసిన కణాలు. అది ఎక్కువగా ఎముకల్లో వచ్చే ఈవింగ్ సార్కోమా కావచ్చు, కండర కణాలను పోలిన రాబ్డోమయోసార్కోమా కావచ్చు, లింఫ్ కణాల క్యాన్సరైన లింఫోమా కూడా కావచ్చు. సార్కోమా అంటే ఎముక, కండరం, కొవ్వు వంటి కణజాలాల్లో వచ్చే క్యాన్సర్. మూడింటికీ చికిత్స వేరు. కణజాలాన్ని పరీక్షించి రోగం తేల్చే పెథాలజిస్టులు దశాబ్దాలపాటు రూపాన్ని బట్టే పేర్లు పెట్టారు, వాటిలో కొన్ని తప్పని తర్వాత తేలింది. సైనోవియల్ సార్కోమా కీళ్ల పొరను పోలి ఉంటుందని ఆ పేరు వచ్చింది గానీ, అది ఆ పొరలో పుట్టేది కాదు.

1983లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈవింగ్ కణాల్లో 11, 22 క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకున్నాయని గమనించారు. ఆ అతుకు దగ్గర ఈడబ్ల్యూఎస్ఆర్1, ఎఫ్ఎల్ఐ1 అనే రెండు జన్యువులు కలిసిపోయాయని 1992లో తెలిసింది. ఆపై రెండేళ్లలోనే మిక్సాయిడ్ లైపోసార్కోమా, సైనోవియల్ సార్కోమా వంటివాటిలో ఇలాంటి జన్యు కలయికలూ, అంటే ఫ్యూజన్లూ బయటపడ్డాయి.

ఇలా తెగిన జన్యువులను కణంలోనే చూపే ఫిష్ (FISH) అనే పరీక్షలో జన్యువుకు ఒక పక్క ఎర్రని, మరో పక్క ఆకుపచ్చని కాంతి గుర్తు తగిలిస్తారు. జన్యువు చెక్కుచెదరకపోతే రెండు చుక్కలూ ఆనుకుని ఉంటాయి, తెగితే విడిపోతాయి. ఎంతో ముచ్చటైన పరీక్షే, కానీ తెగిన జన్యువు దేనితో జతకట్టిందో అది చెప్పదు. జత తెలిసినా అనుమానం తీరకపోవచ్చు. ఈడబ్ల్యూఎస్ఆర్1, ఏటీఎఫ్1 కలయిక ప్రాణాంతకమైన క్లియర్ సెల్ సార్కోమాలోనూ, అరుదుగా మాత్రమే వ్యాపించే యాంజియోమటాయిడ్ ఫైబ్రస్ హిస్టియోసైటోమాలోనూ ఉంటుంది. దానంతటదే తగ్గిపోయే, క్యాన్సర్ కాని గడ్డ నాడ్యులర్ ఫేషియైటిస్‌లో కూడా ఫ్యూజన్ ఉందని 2011లో తేలింది. అందుకే నివేదికలో జన్యువు పేరు చూసి కంగారుపడకూడదు. మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి తీర్పు ఇప్పటికీ కావాలి.

మందుల విషయంలో మాత్రం ఈ ప్రయాణం సమంగా సాగలేదు. పసిపిల్లల ఫైబ్రోసార్కోమాలో ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 కలయికను 1998లో కనుగొన్నారు. దాన్ని అడ్డుకునే లారోట్రెక్టినిబ్ అనే మందుకు అమెరికాలో 2018లో అనుమతి దొరికింది. చెయ్యో కాలో తీసేయాల్సి వస్తుందనుకున్న కొందరు పిల్లల్లో ముందు ఈ మందుతో కణితిని కుదించి, అవయవాన్ని నిలబెట్టే శస్త్రచికిత్స చేయగలిగారు. ఇక్కడ ఫ్యూజన్ తయారుచేసేది కైనేజ్ అనే ఎంజైము, దానిలో మందు అణువు ఇమిడే గుంట ఉంటుంది. ఈవింగ్ ఫ్యూజన్ ప్రొటీన్ ఇతర జన్యువులను నడిపించే రకం. దానికి స్థిరమైన ఆకారం తక్కువ, మందుకు పట్టు దొరకదు. సార్కోమాల్లో అన్నిటికంటే ముందుగా గుర్తించిన ఫ్యూజన్లలో ఒకటైనా, ఆ రోగులకు నేటికీ ఆధారం కీమోథెరపీ, శస్త్రచికిత్స, రేడియేషన్లే.