పొట్టి కాళ్లా, పొంతన లేని జీనా?

అనంతపురం పొలిమేర దాటితే, వేరుశనగ పీకేసిన చేలల్లో ఎర్రనేల ఖాళీగా పడి ఉంటుంది. అక్కడ రెండు నూనె డ్రమ్ముల మీద నీలగిరి కర్ర పెట్టి మా అక్క కూతురు గుర్రాన్ని దూకిస్తుంది. కర్ర ఎత్తు రెండున్నర అడుగులే. అయినా దూకిన ప్రతిసారీ అమ్మాయి ఒళ్లు వెనక్కి వాలిపోయేది, పగ్గాలు బిగుసుకునేవి, పాపం గుర్రం నోరు తెరిచేది. "నా కాళ్లు పొట్టివి మామా, నేనేం జేసినా ఇంతే" అనేది. ఆ మాట నాకు మింగుడు పడలేదు. నెల రోజులు పక్కన నిలబడి చూశాక అర్థమైంది: తప్పు కాళ్లది కాదు, జీనుది.

మీరు ఇప్పుడే ఒక పని చేసి చూడండి. కుర్చీలో కూర్చుని, పాదాలు ముందుకు చాపి, చేతులు ఎక్కడా ఆనించకుండా లేవండి. లేవలేరు. పాదాలను కుర్చీ కిందికి లాక్కోండి, ఇట్టే లేస్తారు. ఒంటి బరువు పాదాల మీదికి వస్తే తప్ప మనిషి లేవలేడు. గుర్రం దూకేటప్పుడు రౌతు చేయాల్సింది కూడా ఇదే. జీను మీంచి కొద్దిగా లేచి, రికాబుల మీద, అంటే జీనుకు రెండు పక్కలా పట్టీలతో వేలాడే పాదాల ఆసరాల మీద నిలబడి, మోకాళ్లు మడిచి, గుర్రంతో పాటు ముందుకు వంగాలి. పాదాలు ఒంటికన్నా ముందుంటే లేవడం కుదరదు. గుర్రం వెళ్లిపోతుంది, రౌతు వెనకబడతాడు, ఊతం కోసం పగ్గాలు లాగుతాడు.

ఇలా ముందుకు వంగి దూకించే పద్ధతికి రూపం ఇచ్చినవాడు ఇటలీ అశ్వికదళ అధికారి ఫెదెరీకో కాప్రిల్లి (1868-1907). అంతకుముందు గుర్రం దూకుతుంటే రౌతులు వెనక్కి వాలేవారు. కాప్రిల్లి రికాబులు పొట్టి చేసి, గుర్రం నడుముకు, నోటికి స్వేచ్ఛ ఇచ్చాడు. రికాబు పొట్టి చేస్తే మోకాలు పైకి, ముందుకు వస్తుంది. దానికి చోటు కావాలి కాబట్టే దూకుడు జీనుకు పక్కన వేలాడే తోలు రెక్కను, అంటే ఫ్లాప్‌ను, ముందుకు చొచ్చుకొచ్చేలా కోస్తారు. మోకాలు ఆనడానికి దాని ముందు అంచున మెత్తటి దిండు ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఆ రెక్క ఎంత ముందుకు రావాలన్నది తొడ పొడవును బట్టి ఉంటుంది. పొట్టి తొడ ఉన్నవాళ్ల మోకాలు ఆ దిండును అందుకోదు. అందుకోవాలని ముందుకు జరిగితే, జీనులో లోతుగా ఉండే చోటు వదిలి అంచు మీద కూర్చున్నట్టవుతుంది. జరగకపోతే కాలికి ఆనిక లేక ఊగిపోతుంది. దీనికన్నా ముఖ్యమైంది స్టిరప్ బార్, అంటే రికాబు తోలుపట్టీ తగిలించే ఇనుప కొక్కెం. పట్టీ దాని నుంచి నిట్టనిలువుగా వేలాడాలని చూస్తుంది. పొడవు తొడ ఉన్న రౌతుకు మోకాలు బాగా ముందుకు వెళ్తుంది, పిక్క వెనక్కి మడుచుకుని పాదం ఆ కొక్కెం కిందికి వస్తుంది. పొట్టి తొడ అంత ముందుకు వెళ్లలేదు. అప్పుడు రికాబే పాదాన్ని ముందుకు లాగేస్తుంది. మా అమ్మాయికి జరిగింది అదే. ప్రతి దూకుడుకీ ఆమె పాదాలు చాపిన కుర్చీలోంచి లేవబోతోంది!

చెన్నైలో శిల్పి చాంట్రీ రూపొందించిన థామస్ మన్రో విగ్రహాన్ని చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. దత్తమండలాల కలెక్టరుగా మన సీమలో తిరిగి, 1827లో పత్తికొండలో కన్నుమూసిన ఆ మన్రోనే. అలా కూర్చుంటే కాళ్లు వాటి దారిన అవి వేలాడతాయి, ఎవరి కాలు ఎంత పొడవన్న పేచీ రాదు. రికాబు మీద లేచి నిలబడాల్సి వచ్చినప్పుడే కొలతలు మొదలవుతాయి.

"పొట్టి కాళ్లు" అనే మాట కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అమ్మాయిని, దాని పెదనాన్న కొడుకుని ముక్కాలిపీటల మీద గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి, దర్జీ టేపుతో గోడ నుంచి మోకాటి చిప్ప దాకా కొలిచాను. ఇద్దరూ అయిదడుగులే. అమ్మాయికి 50 సెంటీమీటర్లు, అబ్బాయికి 54. వాడికి పొట్టిగా ఉన్నది తొడ కాదు, పిక్క. వాడి బాధ వేరు. రెక్క కిందికి మరీ దిగి పిక్కకు, గుర్రం డొక్కకు మధ్య అడ్డుపడుతుంది. కాలితో చెప్పే మాట తోలులోనే ఆగిపోతుంది. వాడికి పొట్టి రెక్క కావాలి. అలాగని మరీ పొట్టిదైతే బూటు పైఅంచు రెక్క కింద తట్టుకుంటుంది.

ఒక దుకాణంలో పిల్లల జీను తీసుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. కాలు పొట్టిదైనంత మాత్రాన తుంటి చిన్నదైపోదు. కూర్చునే చోటు ఇరుకైతే మనిషి జీను వెనక గట్టు మీదికి ఎక్కిపోతాడు, ఆ బరువంతా గుర్రం నడుము మీద ఒకే చోట పడుతుంది. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. జీను బరువు చివరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు. మనిషికి ఎంత నప్పినా, గుర్రానికి నప్పని జీను నా లెక్కలో జీనే కాదు.

చివరికి కాన్పూరులో చేయించాం. జీనుల పనికి ఆ ఊరికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కూర్చునే చోటు పెద్దవాళ్లదే, పదహారున్నర అంగుళాలు. రెక్క తక్కువ ముందుకు, కొక్కెం కొంచెం వెనక్కి. వచ్చిన రోజు సాయంత్రమే చేనుకు తీసుకెళ్లాం. కర్ర దాటాక కూడా పగ్గాలు వదులుగానే ఉన్నాయి, గుర్రం నోరు తెరవలేదు. అమ్మాయి వెనక్కి తిరిగి నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

ఇప్పుడు వారానికోసారి రికాబు పట్టీలు అటూ ఇటూ మారుస్తున్నాం. ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఆ పట్టీ ఎక్కువ సాగుతుంది. పొట్టి కాళ్లకు పట్టీలో బెజ్జాలు కూడా చాలవు. బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర రెండు పక్కలా మరో మూడేసి వేయించుకొచ్చాను.