కృతజ్ఞత, మైండ్‌ఫుల్‌నెస్: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్ నా వృత్తి కాబట్టి కృతజ్ఞత, మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో చేస్తున్నదాని మీదే మనసు పెట్టి గమనించడం) అనే ఈ రెండు మాటలూ రోజూ చెవిన పడుతూనే ఉంటాయి. రీల్స్ చూసి గ్రాటిట్యూడ్ డైరీ (మనకు జరిగిన మేలు రాసుకునే పుస్తకం) కొనుక్కుని, కొన్నాళ్లు శ్రద్ధగా రాసి, "నాకేం మార్పు రాలేదండీ, నాలోనే ఏదో లోపం ఉన్నట్టుంది" అని దిగులుగా వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లకెవరూ సరిగ్గా చెప్పలేదు, అంతే.

అపోహ: కృతజ్ఞత అంటే ఉన్నదాంతో సర్దుకుపోవడం

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదే. "తాగితే తాగాడు, జీతం తెచ్చి చేతిలో పెడుతున్నాడుగా, అది కూడా లేనివాళ్లను చూడు" అని ఆడపిల్లకు సొంతవాళ్లే చెప్తారు. రాత్రి పదకొండింటికి కూడా మీటింగులు పెట్టే ఆఫీసు గురించి గోడు చెప్పుకుంటే "ఉద్యోగం ఉంది, సంతోషించు" అంటారు. కడుపులో బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "పెద్దది ఉందిగా" అంటారు. ఇవన్నీ ఎదుటి మనిషి నోరు మూయించే మాటలు.

కృతజ్ఞత ఒకరు చెప్తే పుట్టేది కాదు. నాకు మేలు జరిగిందని నా అంతట నాకు అనిపించాలి. దెబ్బలు తిన్న మనిషి "నిన్న రాత్రి పక్కింటి అక్క తలుపు తీసి లోపలికి రమ్మంది" అని డైరీలో రాసుకుని, తెల్లారి 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ఈ రెంటికీ వైరుధ్యం ఏమీ లేదు, పైగా ఆ అక్క గుర్తుండబట్టే ఫోన్ చేసే ధైర్యం వస్తుంది.

అపోహ: రోజూ రాయాల్సిందే, ఒక్కరోజు తప్పినా దండగ

మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా లుబొమిర్‌స్కీ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు వారాల పాటు కొందరు వారానికి ఒకసారి, ఇంకొందరు మూడుసార్లు రాశారు. సంతోషం పెరిగింది వారానికి ఒక్కసారి రాసినవాళ్లకే. అదే ఏడాది మరో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ఒక వారం పాటు ప్రతి రాత్రీ మూడు మంచి విషయాలు, అవి *ఎందుకు* జరిగాయో కూడా రాయించింది, ఆరు నెలల తర్వాత కూడా దాని ప్రభావం కనిపించింది. కాబట్టి ఎన్నిసార్లన్నది మీ వీలు. నేను పట్టుబట్టేది ఆ 'ఎందుకు' దగ్గరే, వివరాల దగ్గరే. "అమ్మ, నాన్న, ఆరోగ్యం" అని రోజూ అదే వరస రాస్తే వారం తిరక్కుండానే మొక్కుబడి అయిపోతుంది. "జ్వరమని తెలిసి ఆడపడుచు మిరియాలు ఎక్కువేసి చారు కాచి స్టీలు క్యాన్‌లో పంపింది, మూత తీయగానే ఆ ఘాటుకి ముక్కు దిబ్బడ వదిలింది, నేను అడగలేదు, తనకే తట్టింది" - ఇలా రాయండి. నెలకి రెండు రాసినా చాలు.

అపోహ: మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఆలోచనలు ఆపేయడం

ఎవరి మనసూ ఆగదు. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2010లో 2,250 మందిని ఫోన్ల ద్వారా అడుగుతూ పోతే, దాదాపు 47 శాతం సందర్భాల్లో చేసే పని ఒకటి, మనసు ఉన్నది ఇంకోచోట అని తేలింది. అలా ఉన్నప్పుడు వాళ్ల సంతోషం కూడా తక్కువే.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్ల కోసం మొదలుపెట్టిన ఎనిమిది వారాల కోర్సులో ఒక ఎండుద్రాక్షను నెమ్మదిగా, గమనిస్తూ తినిపిస్తారు. నేను దాని బదులు ఉసిరికాయ ముక్క ఇస్తాను. కొరకగానే పళ్లు జివ్వుమంటాయి, నాలుక వగరెక్కుతుంది, కాసేపాగి మంచినీళ్లు గుటకేస్తే తియ్యగా తగులుతాయి. ఈ లోపల మనసు ఈఎంఐ మీదకో, పాప స్కూలు బస్సు మీదకో వెళ్లిపోతుంది. వెళ్లిందని పసిగట్టి మళ్లీ నాలుక మీదకి తెచ్చుకోవడమే అసలు సాధన. ఇరవైసార్లు వెళ్తే ఇరవైసార్లు తెచ్చుకోవడమే, అందులో ఓడిపోయింది ఏమీ లేదు. అంట్లు తోముతూ, బైక్ మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా చేయొచ్చు.

అపోహ: మైండ్‌ఫుల్‌నెస్ ఒక మతానికి సంబంధించింది

మూలం బౌద్ధ ధ్యానమే, దాన్ని దాచక్కర్లేదు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త అనే విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) కేంద్రం 1976 నుంచీ ఉంది. కానీ ఆసుపత్రుల్లో నేర్పే పద్ధతిలో పూజ, నమ్మకం ఏవీ ఉండవు. ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లయినా, అసలు కొలవనివాళ్లయినా చేసుకోవచ్చు.

అపోహ: డిప్రెషన్‌కి ఈ రెండూ చాలు, మందులెందుకు?

దయచేసి ఈ మాట ఎవరికీ చెప్పకండి. 2021లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, కృతజ్ఞత సాధనల వల్ల డిప్రెషన్, ఆందోళన తగ్గడం చాలా స్వల్పమని తేలింది. డిప్రెషన్ పదే పదే తిరగబెట్టేవాళ్లకు మైండ్‌ఫుల్‌నెస్‌తో కూడిన థెరపీ పనిచేస్తుంది, కానీ అది శిక్షణ ఉన్నవాళ్లు చేయించేది. ఇక గతంలో దాడికో, ప్రమాదానికో గురైనవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటే గుండె దడ పెరగొచ్చు, పాత దృశ్యాలు మీద పడొచ్చు. అలాంటప్పుడు కళ్లు తెరవండి, పాదాలు నేలకి ఆనించండి, ఆ రోజుకి ఆపేయండి. నిద్ర, తిండి పోయి రెండు వారాలు దాటినా, చచ్చిపోవాలనిపించినా డైరీ పక్కన పెట్టి 14416కి చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్తే పరాయివాళ్లలా ఉంటుంది

నిజమే, మన ఇళ్లలో అమ్మకు థాంక్స్ చెప్తే "ఏంట్రా కొత్తగా" అంటుంది. అందుకని ఆ మాట వాడకండి, చేసిన పని చెప్పండి. "నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్వు నీళ్లు పట్టి ఉంచావు, ప్రాణం లేచొచ్చింది." కుమార్, ఎప్లీ అనే పరిశోధకులు 2018లో కృతజ్ఞతా లేఖలు రాయించి చూస్తే, అందుకున్నవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని రాసినవాళ్లు ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్లెంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు. విదేశాల్లో ఉండేవాళ్లయితే "తిన్నావా, తిన్నాను" దగ్గరే ముగిసిపోయే ఆదివారం వీడియో కాల్‌లో ఒక్క సంగతి కలపండి: "నా ఇంజినీరింగ్ ఫీజుకి గాజులు తాకట్టు పెట్టావు కదమ్మా, నాకు గుర్తుంది." "ఇప్పుడెందుకురా అవన్నీ" అని మాట మార్చేస్తుంది. మార్చనివ్వండి, మీరు ఇంకా సాగదీయకండి, ఆమెకు అందాల్సింది అందినట్టే.